చివరి కూత

"కూత లేదు" అంటూ అంపైరు ఈల ఊదాడు. గీత దాటి దూసుకుపోయిన కిమ్మి తలొంచుకుని వెనక్కి వచ్చింది. పాయింటు అవతలి ఆళ్లగడ్డ జట్టుకు పోయింది.

ఆళ్లగడ్డలో అమ్మాయిల కబడ్డీ ఫైనల్ అది. నంద్యాల బడి జట్టుకు కెప్టెన్ అమృత, మద్దిలేటి కూతురు. పోయినేడు తెచ్చిన కప్పును మళ్లీ తెస్తుందని ఆయన శిరివెళ్ల నుంచి ట్రాక్టరు ట్రాలీ నిండా జనాన్ని వేసుకొచ్చాడు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుందని భార్య ఎగతాళి చేసినా పట్టించుకోలేదు. మైకులో కూతురి పేరు వినపడినప్పుడల్లా ఆయన చెయ్యి మీసం మీదికి పోతోంది.

ఆ సంబరానికి అడ్డం ఈ కిమ్మి. అసలు పేరు కింబోయి. మణిపూర్ గొడవల్లో ఇళ్లు కాలిపోయిన పిల్లల్ని కొందరిని చర్చివాళ్లు నంద్యాల తెచ్చి, హాస్టల్లో పెట్టి, అమృత చదివే బడిలో చేర్పించారు. వాళ్లు బిక్కుబిక్కుమంటూ గోడవారన నిలబడకూడదని, ఆటల సారు ప్రేమ్ సాగర్ సాయంత్రం పూట ప్రతి ఆటలోనూ ఇక్కడి పిల్లలతో కలిపేశాడు. మద్దిలేటి దానికి అడ్డు చెప్పలేదు సరికదా, పంట రాగానే హాస్టలుకు బియ్యం మూటలు దించాడు. అన్నం పెట్టడం వేరు, కప్పు పోగొట్టుకోవడం వేరు కదా అన్నది ఆయన బాధ.

కిమ్మి కాళ్లలో చురుకు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. చిక్కల్లా కూత దగ్గరే. కబడ్డీ కబడ్డీ అనకుండా గీత దాటితే ఆట చెల్లదు. ప్రతి మ్యాచిలోనూ ఆ పిల్లను ఒకసారి పంపడం, కూత పెట్టక వెనక్కి రావడం, పాయింటు పోవడం మామూలైపోయింది. తోటి హాస్టల్ పిల్లలంతా అప్పుడే 'యాడికి పోతాండావన్నా' అని ఆయన్నే పలకరిస్తున్నారు, ఈ పిల్లకే ఇంకా తెలుగు అబ్బలేదు. సెమీఫైనల్ నాడు మద్దిలేటి జాలిపడి, పక్కన కూర్చోబెట్టుకుని, చెవిటివాళ్లకు చెప్పినట్టు అరిచి మరీ ఆ మూడక్షరాలు నేర్పాడు. కిమ్మి నవ్వి తలూపింది. పోనీ వాళ్ల భాషలోనే కూత పెట్టనిమ్మని అంపైరును బతిమాలితే, రూలు ఒప్పుకోదన్నాడు.

ఇవాళా అదే తంతు అయ్యేసరికి, మద్దిలేటి ఇంక ఉండబట్టలేక ప్రేమ్ సాగర్ దగ్గరికి పోయాడు.

"ఆ పాపను ఎందుకు పంపుతాండావు సారూ? కూత పెట్టను రాదే."

"వస్తాదిలే అన్నా. తొందరేముంది?"

"ఆ పాప నేర్చుకునే లోపల కప్పు పోతాదప్పా."

ప్రేమ్ సాగర్ నవ్వి మళ్లీ ఆట వైపు తిరిగాడు. మద్దిలేటి గొణుక్కుంటూ వచ్చి తన మనుషుల మధ్య కూర్చున్నాడు.

పోయిన పాయింట్లన్నీ అమృత ఒక్కొక్కటే లాక్కొచ్చింది. ఆట ముగిసే వేళకు రెండు జట్లూ సమానం. నంద్యాలకు ఒకే ఒక్క కూత మిగిలింది. అదీ తాడోపేడో కూత. ఒకరినైనా తాకి వస్తే కప్పు వీళ్లది, పట్టుబడినా ఉత్త చేతులతో వచ్చినా ఆళ్లగడ్డది. పోవలసింది అమృతే అని మైదానంలో అందరికీ తెలుసు. శిరివెళ్ల జనం లేచి నిలబడ్డారు.

అమృత గీత దాకా నడిచి ఆగింది. వెనక్కి తిరిగి, కిమ్మి చెవిలో ఏదో చెప్పి, వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసింది.

"నువ్వు పో అమృతా, నువ్వు పో" అని మద్దిలేటి గొంతు చించుకున్నాడు. కూతురు ఇటు చూడనైనా చూడలేదు.

కిమ్మి గీత ముందు నిలబడి కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. కబడ్డీ, కబడ్డీ. మొదట సన్నగా, తర్వాత గట్టిగా. అంపైరు ఈల నోట్లోనే ఉండిపోయింది. కిమ్మి గీత దాటి, ఎవరినీ తాకే ఆలోచనే లేనట్టు నేరుగా లోపలికి పోయింది. మూలనున్న పిల్ల మడమ పట్టేసింది. మిగతావాళ్లు మీద పడ్డారు. ఆ గుంపు కిందనుంచి కూడా ఊపిరి తెగేదాకా కూత వినిపిస్తూనే ఉంది.

కప్పు ఆళ్లగడ్డకు పోయింది.

మద్దిలేటి ఉసూరుమని కూలబడబోయి, మైదానం వైపు చూసి ఆగిపోయాడు. ఓడిన పిల్లలు కిమ్మిని భుజాలకెత్తుకుని గంతులేస్తున్నారు. ఆట చూడవచ్చిన హాస్టల్ పిల్లలు ఏడుస్తూ మైదానంలోకి పరుగెత్తారు. ప్రేమ్ సాగర్ తువ్వాలులో మొహం దాచుకుని నేల మీద కూర్చుండిపోయాడు. గెలిచినవాళ్లేమో కప్పు పట్టుకుని వీళ్లనే వింతగా చూస్తున్నారు.

ఆయనకు తల కొట్టేసినట్టయింది. విసవిసా పోయి కూతురి రెక్క పట్టుకున్నాడు.

"ఓడిపోయి ఎగురుతాండారు, సిగ్గు లేదా మీకు? ట్రాలీలో వచ్చినోళ్లకు నేనేం మొగం సూపించాల?"

అమృత ఒళ్లంతా దుమ్ము, చెంపల మీద కన్నీటి చారలు. అయినా తల ఎత్తుకునే నిలబడింది. పోయినేడు కప్పు గెలిచిన రోజున కూడా మద్దిలేటి ఆ మొహంలో అంత గర్వం చూడలేదు.

"ఇల్లు కాలినకాడ్నుంచి అది నోరిప్పింది ఈ పొద్దే, నాయనా."