ఘాటు చూసిన నాలుక

"నేనేమన్నా పొగాకు నమిలేటోణ్నా? కొనేటోళ్ల ఎదురుగా ఘాటు చూసి ఉమ్మేస్తాంటి, అంతే!" నంద్యాల ఆసుపత్రి వరండాలో కసురుకున్నాడు ఆళ్లగడ్డ పొగాకు వ్యాపారి మాధవయ్య.

"ముప్పై ఏండ్లు చూసినావు, నాయనా." కూతురు యామిని క్యాన్సర్ రిపోర్టు మడిచింది. "గడ్డ పెరక్కుండా ఆపే జన్యువులు అందరికీ ఉంటాయి. నీ నాలుకలో కొన్ని ఎంజైములు వాటికి తాళాలేసినాయి."

"నువ్వు ల్యాబులో చేసేది ఆ పనే గదా! తాళం తియ్యి."

"గాజుగిన్నెలో పెంచిన కణాలకైతే తీసినాము. ఈ క్యాన్సరుకు మనిషికిచ్చే మందు ఇంకా రాలే."

మాధవయ్య కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"రేపు ఆపరేషన్లో కోసే నాలుక ముక్కను పారేయొద్దని డాక్టరుకు చెప్పమ్మా. నీ గిన్నెలో పెట్టుకో. ఆడన్నా బాగైతాది."