ధర కదలని మనిషి

కాకినాడలో ప్రతి మనిషికీ మార్కెట్లో ఒక ధర ఉన్న రోజులవి. ధర పెరిగితే ఇంటి తలుపు మీద ఇంటూ గుర్తు, తగ్గితే సున్నా వాటంతటవే పడేవి. మరీ తగ్గినవాళ్లను ఊరి బయటి బ్లాకులకు తరలించేవారు.

కుట్టుపని మానేసి ఒంటరిగా ఉంటున్న మంగతాయారు తలుపు మీద ఏళ్లుగా కొత్త గుర్తు లేదు. గుర్తులు పడే తలుపు పాడైందేమోనని మార్కెట్ ఆఫీసుకు ఫోన్ చేసింది.

"పాడవలేదండి. ధర కదిలితేనే గుర్తు పడుద్ది. కదలని రోజులు ఆ గుర్తుల పటంలోకి రావండి," అంది అవతలి గొంతు.

ఆమె ఫోన్ పెట్టేసింది. వినాయక చవితికి ఒక్కతే ఉండ్రాళ్లు వండుకోవడం, జ్వరంలో తనే లేచి గంజి కాచుకోవడం, ఇవేవీ జరగనట్టే అనిపించింది.

ఎదురు వాటాలో రంగధామం ఉంటాడు. ఒకప్పుడు పెళ్లిళ్లలో సన్నాయి వాయించేవాడు. ఆయన తలుపు నిండా సున్నాలే; ఇంకొన్ని పడితే బ్లాకులకు తరలిస్తారు. అలాంటివాళ్ల గడప తొక్కితే తమ ధరా పడుతుందని ఎవరూ వెళ్లరు. మంగతాయారూ ఇన్నాళ్లూ వెళ్లలేదు.

ఆ మధ్యాహ్నం గిన్నెలో వంకాయ పులుసు పోసుకుని వెళ్లి తలుపు కొట్టింది.

"మీరా! లోపలికి రాకండి, మీకూ సున్నా పడిపోద్ది," అన్నాడు రంగధామం కంగారుగా.

"పడనివ్వండి. అన్నం వండారా?"

ఇద్దరూ లోపల కూర్చుని తిన్నారు. తిరిగొచ్చేసరికి ఆమె తలుపు మీద నల్లటి సున్నా ఉంది. వేలితో తడిమింది. భయమేసింది. రంగధామం తన గుమ్మంలోంచి చూస్తున్నాడు.

"అయ్యో, చెప్పానా తాయారు గారూ!"

"రేపు చారు మీరు పెట్టండి," అంది ఆమె.