మూడో నిక్కరు

లెక్కల టీచరు కొత్తగా కొన్నది వెనక్కి వాలి తొక్కే సైకిలు. అందుకే బట్టల కొట్లో నేలమీద వెల్లకిలా పడుకుని, కాళ్లు గాల్లో తిప్పుతూ నిక్కర్లు పరీక్షించింది. మొదటిదాని కుట్టు నడుముకి గుచ్చుకుంది. రెండోది పైకి జారిపోయింది. మూడోది ఎక్కడిదక్కడ నిలిచింది.

"అక్కా, లెయ్! అందరూ చూస్తున్నారు," అన్నాడు తమ్ముడు. "పొడుగు ప్యాంటు తీసుకో. మోకాలి మీద ఆ పాత కుట్ల మచ్చలన్నీ కనిపిస్తున్నాయి."

"కనిపించనీ."

"ప్రతివాళ్లూ ఏమైందని అడుగుతారు కదా!"

ఆమె లేచి, మూడోది విప్పకుండానే బిల్లు వేయించుకుంది. బయటికొచ్చాక తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది.

"ఆ ప్రమాదం రోజు కారు నడిపింది నువ్వని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదురా. ఇకముందూ చెప్పను. కానీ నీకోసం ఈ కాలు మాత్రం ఇంక దాచను."