మోరీకి మొక్కు

ఇంగ్లీషు దొరలు కట్టించిపోయిన బెల్లంపల్లి క్లబ్బులో పొడవాటి చెక్కనేల మీద బరువైన బంతి దొర్లించి, ఆ కొసన నిలబెట్టిన చెక్క సీసాలను పడగొట్టడం బొగ్గుగనికి కొత్తగా వచ్చిన దొరకు సరదా. ఎండాకాలం నేల పొడిబారిందన్నాడు. వానాకాలం చెమ్మెక్కిందన్నాడు. నూనె పూయిస్తే జారిందన్నాడు. బంతి మాత్రం ఎప్పుడూ నేల పక్కన కాలువలా ఉన్న మోరీలోనే పడేది.

"ఇంకోసారి మోరీల పడ్డదో, నీ పని బంద్!" అన్నాడు, నేల తుడిచే లింగవ్వతో.

దసరానాడు సీసాలన్నీ ఒక్క దెబ్బకు కూలాయి. దొర గంతులేశాడు. అంతలో పక్కన కొబ్బరిచిప్ప కనబడింది.

"పనిముట్లతోని నా బంతికి గూడ పూజ చేసినవా, లింగవ్వా?"

"బంతిదేమున్నది దొరా, పాపం, మీరు ఇసిరిన దిక్కే పోతది. మోరీకి కొట్టిన కొబ్బరికాయ. గీ పండుగ పూటన్న జర నోరు మూసుకొమ్మని మొక్కిన."