కార్ పార్కులో ప్రాగ్ నగరం

"ఇంత వానలో మాగ్డాను ఎక్కడికి తీసుకెళ్తున్నారు అంకుల్?" రిక్కార్టన్ వృద్ధాశ్రమానికి కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్ షీనా అడ్డం నిలబడింది.

"ఆవిడ పుట్టిన ప్రాగ్ చూడ్డానికమ్మా," అన్నాడు అక్కడ పనిచేసే దేవపాల్, వీల్‌చెయిర్‌కి గొడుగు పడుతూ.

మతి తప్పిన ముసలావిడ పేరు చెప్పి పని ఎగ్గొడుతున్నాడా? "రిపోర్ట్ రాయాల్సొస్తుంది," అంటూ షీనా వెనకే నడిచింది.

కార్ పార్కులో చెత్తడబ్బాల షెడ్డు చూపించి, "ఇదే మా ప్రాగ్ పాత గడియారం," అంది మాగ్డా. దేవపాల్ తలెత్తి చూశాడు.

షీనా వంగి, "ఇది కార్ పార్కు, మాగ్డా," అంది.

"నాకు తెలీదా?" మాగ్డా ఆమెను గొడుగు కిందికి లాగింది. "భార్యతో ప్రాగ్ చూడాలని ఈయన టికెట్లు కొన్నాడు. ప్రయాణానికి ముందే ఆమె పోయింది. మా ఊరు వానలోనే అందం. అందుకే చూపిస్తున్నాను."

దేవపాల్ కళ్ళు దించుకున్నాడు.

షీనా కుర్చీ పిడి అందుకుంది. "నేను తోస్తాను. మీరు చూడండి అంకుల్."