నడుం లోతు

సాల్మన్ రాజుకి ఒళ్లు మండుతోంది. నౌపడ దగ్గర ఉప్పుటేరులో నడుం లోతున నిలబడి చాలాసేపయింది. కాళ్ల కింద బురద జారుతోంది. ఉప్పునీటికి తొడలు దురద పెడుతున్నాయి. పలాస నుంచి తెచ్చిన మైకు సెట్టు గీ పెడుతోంది. మనసు ప్రార్థన మీద నిలవకుండా, ఒడ్డున ఉడుకుతున్న కోడికూర మీదికి పోతోంది.

చంటిబిడ్డప్పుడు వేరే సంఘంలో బాప్తిస్మమని అతని నెత్తిన నాలుగు నీటిచుక్కలు చల్లారు. నిండా మునిగితేనే బాప్తిస్మం అంటుంది ఈ సంఘం. ఆ చుక్కల సంగతి భార్య మేరీకి తప్ప ఇక్కడెవరికీ తెలీదు.

"ఈయేలయినా ముంచమని అడిగీయండి. సిగ్గుపడితే ఎలాగ?" అంది మేరీ పొద్దున్న బయల్దేరేటప్పుడు.

"ఎవర్నని అడగను?" అని విసుక్కున్నాడు.

వరుసలో ముందున్న ప్రియ మునిగింది. లేచింది. ఏడుస్తోంది, నవ్వుతోంది.

"ఏటయిందే?" ఒడ్డు మీంచి తల్లి కేకేసింది.

"ఏటీ ఇనపడనేదమ్మా! పాటా నేదు, మీ గోలా నేదు. నేనూ, ఆయనే!"

సాల్మన్ రాజు ఆ పిల్ల పక్కనే ఉన్నాడు. అతనికి మాత్రం డోలకు వినబడింది, ఎవరి బిడ్డో గుక్కపెట్టడం వినబడింది. అదే నీరు, అదే ప్రార్థన. మరి తేడా ఎక్కడుంది? నీటి లోతులోనా, ఊపిరి బిగబట్టడంలోనా, తనలోనేనా? ప్రతిసారీ ఈసారైనా అనుకుంటాడు. బట్టలు తడుస్తాయి, మనసు తడవదు.

తర్వాత సింహాచలమ్మ. తల మునిగింది గానీ, కాలి బొటనవేలు పైకి తేలింది.

"యేలు మునగనేదు! మళ్లీ, మళ్లీ!" ఒడ్డంతా గోల.

"ఈ యేలొక్కటీ నరకానికి పోతాదేటర్రా?" అని కసిరిందావిడ. అయినా మళ్లీ మునిగింది. లేచాక, నీళ్లకే దండం పెట్టింది.

బొటనవేలు తేలితేనే ఒప్పుకోని వాళ్లు! నాలుగు చుక్కల్ని ఒప్పుకుంటారా?

"ఇంకెవరైనా మిగిలిపోయారా?" ఒడ్డు మీంచి సంఘపెద్ద ఆఖరి పిలుపు కూడా అయింది.

మేరీ తువ్వాలు పట్టుకుని అతని వంకే చూస్తోంది. సాల్మన్ రాజు నోరు తెరిచాడు.

అంతలోనే ఒడ్డున పాట అందుకున్నారు.

అందరినీ ముంచిన పాస్టరు సాల్మన్ రాజు, ఎప్పటిలాగే తల తడవకుండా ఒడ్డెక్కాడు.