స్టెనరుడ్ సంతాప తీర్మానం

"మూడు నిమిషాల్లో కానిచ్చెయ్ డోరీన్. పోయినాయనకి తొందరేం లేదు గానీ మాకు పనులున్నాయి" అన్నాడు కాలేజీ డీన్ ప్రూయిట్. వెనక వరుసల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు.

డోరీన్ నవ్వలేదు. గోడ గడియారంలో నాలుగూ పది అయింది. ఈ సంతాప తీర్మానం చదవగానే తర్వాతి అంశం నేలల శాఖ మూసివేత. అంటే ఆమె శాఖే. అధ్యాపకుల సెనేట్‌కి ఈ ఏడాది ఇదే ఆఖరి సమావేశం. ఐదు కొట్టేసరికి సభ ముగించాలని నియమం. ఆలోపు ఓటు పడితే శాఖ పోయినట్టే, పడకపోతే ఇంకో ఏడాది బతుకుతుంది. ఓట్లు డీన్ వారం కిందటే కూడగట్టుకున్నాడు.

రిటైరైన అధ్యాపకుడు చనిపోతే ఆయన శాఖవాళ్లు ఒకరు లేచి ఆయన గురించి సభలో చదవడం అక్కడి ఆనవాయితీ. ఆర్విల్ స్టెనరుడ్ ముప్ఫై ఎనిమిదేళ్లు నేలల శాఖలో పాఠం చెప్పి, మొన్న ఫిబ్రవరిలో తొంభై ఒకటో ఏట పోయాడు. డోరీన్ సంచిలోంచి కాగితాలు తీసింది. ఆ కట్ట మందం చూడగానే డీన్ ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"ఆర్విల్ స్టెనరుడ్ మట్టిని నోట్లో వేసుకునేవాడు" అని మొదలుపెట్టింది. "పళ్ల మధ్య కరకరలాడితే ఇసుక, అంగిలికి అంటుకుంటే బంక. పరికరం తర్వాత చెప్పేది, ఆయన నాలుక ముందు చెప్పేసేది. కొత్తగా చేరిన పిల్లల బూట్లకంటిన మట్టి చూసి ఏ జిల్లావాళ్లో పోల్చేవాడు. ఏటవాలు చేను దున్నొద్దన్నందుకు ఒక రైతు పార పట్టుకుని తరిమాడు. ఆ మరుసటేడు వరదకి పక్క చేలన్నీ కోసుకుపోయి, దున్నకుండా వదిలిన తన చేను నిలిస్తే, ఆ రైతే భార్య చేత తీపి రొట్టె చేయించుకుని ఆయన ఇంటికి మోసుకొచ్చాడు..."

నాలుగున్నరకి డీన్ లేచాడు. "అధ్యక్షా! ఇది సంతాపమా, సేద్యం పాఠమా?"

అధ్యక్షుడు వేడ్ హాగెన్ వాణిజ్య శాఖ పెద్దాయన, ప్రతి శనివారం డీన్‌తో కలిసి చేపలు పట్టే మనిషి. మూసివేత అంశం మీద సంతకం కూడా ఆయనదే. కళ్లజోడు పెట్టుకుని నియమాల పుస్తకం తిరగేశాడు.

"సంతాప తీర్మానం చదివేవాళ్లకి అడ్డు చెప్పరాదు" అని పైకి చదివాడు హాగెన్. "ఎంతసేపు చదవాలో మాత్రం రాయలేదు. ఇది రాసినవాడెవడో గానీ డోరీన్‌ని ఎరగడు. కానియ్యమ్మా, కానియ్."

అప్పుడర్థమైంది అందరికీ. కునికిపాట్లు పడుతున్నవాళ్లు నిటారుగా కూర్చున్నారు. తలలు ఒకసారి గడియారం వైపు, ఒకసారి డోరీన్ వైపు. పక్కనున్న భౌతికశాస్త్రం లైల్ మంచినీళ్ల గ్లాసు ఆమె ముందుకు జరిపాడు. "గొంతు జాగ్రత్త. ఇంకా అరగంట లాగాలి."

లాగింది. ఆర్విల్ ఏ జిల్లాలో ఏ నేలల పటం గీశాడో పేరుపేరునా చదివింది. తలుపు ఊడితే తీగతో కట్టి నడిపిన పాత ట్రక్కు గురించి చదివింది. కాగితాలు నాలుగూ నలభై ఎనిమిదికి అయిపోయాయి. తర్వాత నోటికి చెప్పింది. యాభై మూడుకి అదీ అయిపోయింది.

"ఏదో ఒకటి చెప్పు" అన్నాడు లైల్ గొంతు తగ్గించి. "గుర్రాలంటే ప్రాణమను."

"ఆయనకి గుర్రాలంటే పడదు."

"ఎవడికి తెలుసు?"

"నాకు తెలుసు."

ఆర్విల్ పేరు మీద అబద్ధం చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. "అంతే" అని కూర్చుంది.

డీన్ స్ప్రింగులా లేచాడు. "అధ్యక్షా, చర్చ అక్కర్లేదు. నేరుగా ఓటుకి..."

"ఉండు ప్రూయిట్. ముందు మౌనం పాటించాలి. అందరూ లేవండి" అన్నాడు హాగెన్, ఎప్పుడూ అనే గొంతుతోనే.

అందరూ లేచి తల దించారు. అధ్యక్షుడు చెక్కసుత్తి కొట్టేదాకా ఎవరూ మాట్లాడరు, కూర్చోరు. డోరీన్ కళ్లు మూసుకుంది. ఒక్క నిమిషం. తర్వాత ఓటు. ఆ తర్వాత ఆర్విల్ పోగుచేసిన మట్టి సీసాలు చెత్తబండిలోకి.

నిమిషం అయింది. రెండయింది. సుత్తి చప్పుడు లేదు. ఆమె ఓరకంట చూసింది. హాగెన్ గడ్డం ఛాతీకి ఆనుకుని ఉంది, కళ్లు మూసి ఉన్నాయి. మూడో నిమిషంలో డీన్ దగ్గాడు. నాలుగో నిమిషంలో గట్టిగా దగ్గాడు. "వేడ్!" అన్నాడు పళ్ల సందుల్లోంచి. "ష్!" అంది వెనక వరుస మొత్తం. పెద్దముల్లు పన్నెండు మీదికెక్కింది. దాటింది.

హాగెన్ తలెత్తి సుత్తి కొట్టాడు. "ఐదయింది. సభ ముగిసింది."

హాలు హోరెత్తిపోయింది. అప్పుడే కూర్చున్న డోరీన్‌ని లైల్ కుర్చీతో సహా కావలించుకున్నాడు.

"ఏడు నిమిషాలు మౌనమా!" అని అరిచాడు డీన్. "నిలబడే నిద్రపోయావా వేడ్?"

"ఏం చెప్పనోయ్, వయసు! తల దించితే చాలు, కునుకు పట్టేస్తోంది."

డీన్ విసవిసా బయటికి వెళ్లిపోయాడు. డోరీన్ కాగితాలు సర్దుకుంటుంటే హాగెన్ కోటు తొడుక్కుంటూ అటుగా వచ్చాడు.

"భలే వేళకి నిద్ర పట్టింది మీకు" అంది ఆమె, నవ్వూ ఏడుపూ కలిసిన గొంతుతో.

హాగెన్ ఒకసారి తలుపు వైపు చూసి, ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"అధ్యక్షుడికి ఓటు ఉండదు డోరీన్. అందుకని ఇలా వేశాను."